తలలు తేలాకే తలసరి: గంజాం తీరంలో ఒక ఇంటి కేస్ స్టడీ

కుటుంబ వినియోగ వ్యయ సర్వే ఫలితాలు వచ్చినప్పుడల్లా గొడవంతా ఖర్చు చుట్టూ నడుస్తుంది. జాబితాలో వస్తువులు పెంచారా, ఏడు రోజుల లెక్క అడగాలా ముప్ఫై రోజులదా, ఉచిత బియ్యానికి ఏ ధర కట్టాలి. ఇవన్నీ లవంలోని సంగతులు. హారం ఎవరికీ పట్టదు. ఇంట్లో ఎంతమంది ఉన్నారన్నది అడగ్గానే తెలిసిపోయే విషయమని అందరి నమ్మకం. గంజాం జిల్లా సముద్ర తీరంలో సర్వే చేసినవాళ్ళెవరూ అలా అనుకోరు. అక్కడ కొన్ని ఇళ్ళలో మనుషుల లెక్క తేల్చే లోపల బియ్యం, పప్పు, నూనె పేజీలు రెండుసార్లు నింపొచ్చు. అంతకష్టపడి తేల్చిన ఆ ఒక్క అంకె ఒకటి అటయినా ఇటయినా, ఖర్చు పేజీల్లో పడ్డ శ్రమంతా పక్కకు కొట్టుకుపోతుంది.

ఇక్కడ రాస్తున్నది అలాంటి ఒక ఇంటి గురించి. 2023-24 విడతలో నేను సూపర్వైజరుగా చూసిన గ్రామాల్లోది. సర్వేకి ఇచ్చిన వివరాలు గోప్యం కాబట్టి ఊరి పేరు చెప్పను. మనుషుల వివరాలు కాస్త మార్చాను. రూపాయలు మాత్రం అసలువి కావు, లెక్క కళ్ళకు కట్టడానికి గుండ్రంగా వేసుకున్నవి. నిబంధనలు ఉన్నవి ఉన్నట్టే రాశాను.

సర్వే సంగతి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. జాతీయ నమూనా సర్వే (ఎన్‌ఎస్‌ఎస్) 1950లో, గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ చొరవతో మొదలైంది. పేదరికం అంచనాలకీ, ధరల సూచీలో ఏ వస్తువుకి ఎంత ప్రాధాన్యం ఇవ్వాలన్నదానికీ అందులో భాగమైన ఈ వ్యయ సర్వేయే ఆధారం. 2011-12 తర్వాత 2017-18లో చేసిన సర్వే ఫలితాలను కేంద్రం విడుదల చెయ్యలేదు. అందువల్ల 2022-23 విడత వచ్చేదాకా పాత అంకెలతోనే నెట్టుకొచ్చారు. కొత్త విడత నుంచి కాగితం షెడ్యూలు పోయి ట్యాబ్ వచ్చింది. ఒకేసారి కూర్చోబెట్టి అన్నీ అడగడం మానేశారు. ఆహారానికి ఒకటి, సబ్బులూ కరెంటు బిల్లూ ఫీజుల్లాంటి నిత్య ఖర్చులకీ సేవలకీ ఒకటి, మన్నికైన వస్తువులకి ఒకటి, మొత్తం మూడు ప్రశ్నావళులు. వరసగా మూడు నెలలు అదే ఇంటికి వెళ్ళాలి. ఒక్కో గ్రామంలో లేదా పట్టణ బ్లాకులో 18 ఇళ్ళు. 2023-24లో దేశం మొత్తానికి 2,61,953 ఇళ్ళు పడ్డాయి.

మూడుసార్లు వెళ్ళడం మంచి మార్పే. మొదటిసారి ఎందుకొచ్చారో తెలియక, పింఛను కోసేస్తారేమో అని బిగుసుకుపోయినవాళ్ళు రెండోసారికి కుర్చీ వేస్తారు. అయితే మూడు నెలల్లో ఇంటి మనుషులు మారిపోతారు. మా తీరంలో మరీను.

ఊరు, వేట కేలండరు

గోపాల్‌పూర్‌కీ ఇచ్ఛాపురానికీ మధ్య సముద్రం ఒడ్డున ఉన్న జాలరిపేట అది. పాలన ఒడిశాది, బడి ఒడియాది, ఇంట్లో మాట తెలుగు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి గంజాం అటు వెళ్ళినా, పెళ్ళి సంబంధాలూ చేపల బేరాలూ ఇచ్ఛాపురం, కవిటి, సోంపేటల వైపే నడుస్తాయి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. ఆ తర్వాత ప్రపంచ బ్యాంకు సాయంతో తీర గ్రామాల్లో కట్టిన కాలనీ ఇళ్ళలో ఇప్పుడు చాలామంది ఉంటున్నారు. పాత పాకలు ఒడ్డునే ఉన్నాయి, వలలకీ ఇంజన్లకీ కాపలాగా.

లోపలి ఒడియా గ్రామాల నుంచి మగవాళ్ళు సూరత్ మరమగ్గాలకి వెళ్ళినట్టే, ఈ పేటల నుంచి పరాయి తీరాల బోట్ల మీదకి వెళ్తారు. అందులో రెండు దారులు. ఒకటి గుజరాత్‌లోని వీరావల్. పడమటి తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 దాకా వేట నిషేధం. ఆ రెండు నెలలే ఇంటి దగ్గర, మిగతా ఏడాదంతా అక్కడే. రెండో దారి విశాఖపట్నం, పారాదీప్. తూర్పు తీరంలో నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. విశాఖ వెళ్ళేవాళ్ళు నిషేధం రోజులు ఇంట్లో ఉంటారు, మిగతా కాలంలో కూడా నెలకో రెణ్ణెల్లకో వచ్చి పోతుంటారు.

సర్వే చేసేవాడికి ఈ కేలండరు నోటికి రావాలి. ఇల్లు అనే అంకె దీన్నిబట్టే పెరుగుతుంది, తగ్గుతుంది.

తొమ్మిదా, ఏడా, ఆరా

మా ఊరికి మే నెలలో మన్నికైన వస్తువులు, జూన్‌లో ఆహారం, జూలైలో నిత్య ఖర్చులు, ఇదీ వరస. ఇన్వెస్టిగేటరు బరంపురం కుర్రాడు, ఒడియా, తెలుగు రెండూ ఒకేలా మాట్లాడతాడు. మే విజిట్‌లో అడిగాడు:

"ఇంట్లో ఎంతమంది ఉంటారమ్మా?"

"తొమ్మండుగురుం బాబూ."

"అందరూ ఇక్కడే ఉంటారా?"

"మరెక్కడికి పోతారు? పెద్దోడు వీరావల్ బోటు మీదున్నాడు. సిన్నోడు నిసేదం గదాని వచ్చాడు, మల్లీ ఈసాపట్నం ఎల్లిపోతాడు. పిల్ల బరంపురం హాస్టల్లో ఉండి సదువుతంది. ఆయన రేత్రి వలల కాడ పడుకుంటాడు. మాయన్న కొడుకు మాకాడే ఉండి తెప్పకెల్తాడు."

ఆవిడ దృష్టిలో ఇందులో దాచిందేమీ లేదు, పొరపాటూ లేదు. ఎక్కడున్నా వాళ్ళు ఆ ఇంటివాళ్ళే. సర్వే అడిగే 'ఇల్లు' వేరు. మామూలుగా కలిసి ఉంటూ ఒకే వంట తినేవాళ్ళు ఒక కుటుంబం. తాత్కాలికంగా బయటికెళ్ళినవాళ్ళని కలుపుకోవాలి, ఆ గైర్హాజరు మొత్తం ఆరు నెలల లోపే ఉంటుందనుకుంటే. వచ్చిన చుట్టాన్ని వదిలెయ్యాలి, ఆ మకాం మొత్తం ఆరు నెలల లోపే అయితే. కలిసి ఉండటానికీ కలిసి తినడానికీ పేచీ వస్తే ఉండటానికే మొగ్గు. ఇంతవరకూ మాన్యువల్లో నాలుగు వాక్యాలు. ఇప్పుడు ఆ ఇంటి మీద పెట్టి చూద్దాం.

తల్లి, కోడలు, ఇద్దరు మనవలు: నలుగురి గురించి తగువు లేదు.

తండ్రి రాత్రిళ్ళు ఒడ్డున పాకలో పడుకుంటాడు. ఉండటానికే మొగ్గు అన్నారు కదా అని ఆయన్ని వేరే ఒంటరి కుటుంబంగా రాసేసే ఇన్వెస్టిగేటర్లు ఉన్నారు. అది తప్పు. చోటు చాలకో, కాపలాకో ఇంకోచోట పడుకుని తన వాళ్ళ దగ్గరే భోంచేసే మనిషి ఆ ఇంటి సభ్యుడేనని నిబంధన విడిగా చెబుతోంది. ఐదు.

చిన్న కొడుకు విశాఖలో ఉన్నప్పుడు కూడా ఒక్కో గైర్హాజరు నెలా రెండు నెలలే. ఏడాది మొత్తం కలిపితే ఇంటికి దూరంగా ఉండేది ఎక్కువ కాలమే, కానీ ఆ మనిషి స్థిరపడిన ఇల్లు ఇదే. ఇక్కడ సూపర్వైజర్ల మధ్య భేదాభిప్రాయం ఉంది. ట్రిప్పులన్నీ కూడితే ఆరు నెలలు దాటుతుంది కాబట్టి తీసెయ్యాలనేవాళ్ళు కొందరు. విశాఖలో అద్దె గది లేదు, వంట లేదు, బోటు మీదే ఉంటాడు. తీసేస్తే దేశంలో ఏ ఇంట్లోనూ లెక్కకు రాడు. నేను ఉంచాను. ఆరు.

మేనల్లుడు రేషన్ కార్డులో లేడు, రక్త సంబంధం తల్లి వైపుది. కానీ ఉండేదీ తినేదీ ఇక్కడే. సర్వేకి చుట్టరికంతో పని లేదు. ఏడు.

కూతురు హాస్టల్లో ఉంది కాబట్టి లేదు. హాస్టల్ విద్యార్థిని తల్లిదండ్రుల ఇంట్లో రాయకూడదు. ఆ హాస్టల్ గనక నమూనాలో పడితే అక్కడ ఒక్కో విద్యార్థి ఒక్కో కుటుంబం. పెద్ద కొడుకు గైర్హాజరు పది నెలలు. లేడు.

అంటే ఏడుగురు. ఇది చెప్పగానే ఆవిడ లోపలికెళ్ళి రేషన్ కార్డు తెచ్చింది, ప్రభుత్వం మనిషికి ప్రభుత్వం కాగితమే రుజువని. కార్డులో ఆరుగురు: భార్యాభర్తలు, ఇద్దరు కొడుకులు, కూతురు, పెద్ద మనవడు. కోడలి పేరు ఇంకా ఇచ్ఛాపురం దగ్గర పుట్టింటి కార్డులోనే ఉంది. చిన్న మనవడి పేరు ఎక్కించలేదు. ఆరూ ఏడూ దగ్గరగానే ఉన్నాయనిపిస్తుంది కానీ ఇద్దరు లేనివాళ్ళు ఉన్నారు, ముగ్గురు ఉన్నవాళ్ళు లేరు. వయసులూ చదువులూ ఆ కార్డు చూసి నింపితే ఇంకో ఇల్లు తయారవుతుంది. సరిహద్దు ఊళ్ళలో కార్డుని అడగొద్దని, చూపిస్తే చూసి పక్కన పెట్టమని చెబుతాను. ముందు చూస్తే చెవికి వినబడేది కూడా కార్డు ప్రకారమే వినబడుతుంది.

ఇప్పుడు రూపాయలు. నెలకి ఆ ఇంటి తిండి ఖర్చు 16,800 అనుకుందాం. తల్లి చెప్పిన తొమ్మిదితో భాగిస్తే తలకి 1,867. నిబంధన ప్రకారం ఏడుతో భాగిస్తే 2,400. కార్డు ప్రకారం ఆరుతో అయితే 2,800. 2023-24లో గ్రామీణ భారతంలో సగటు తలసరి నెల ఖర్చు 4,122 రూపాయలు, అందులో తిండి వాటా 47 శాతం, అంటే 1,940 దాకా. వంటింట్లో ఒక్క గరిటె మారకుండానే, తలల లెక్కను బట్టి ఈ ఇల్లు సగటుకి కిందైనా ఉండొచ్చు, దాదాపు ఒకటిన్నర రెట్లయినా ఉండొచ్చు. వంటనూనె ఏడు రోజుల లెక్కలో పావు లీటరు తేడా పడితే మనం పెట్టే గొడవకి ఇంత ప్రభావం ఉండదు.

జూన్‌లో పెద్ద కొడుకు

ఆహారం విజిట్ జూన్ రెండో సగంలో పడింది. నిషేధం ముగిసి చిన్నవాడు విశాఖ వెళ్ళిపోయాడు. వీరావల్ నుంచి పెద్దవాడు వచ్చాడు. గుమ్మంలో కూర్చుని ఉన్న మనిషి సభ్యుడు కాదు, అతను చుట్టం. లేని మనిషి సభ్యుడు. ఇన్వెస్టిగేటరు ట్యాబ్ మీద ఇది సరిగ్గానే వేశాడు. ఇంట్లోవాళ్ళకి మాత్రం చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ లేదు.

చిక్కు తిండి దగ్గర. చుట్టానికి పెట్టిన భోజనం కూడా ఆ ఇంటి వినియోగమే. కొడుకు ఏడాదికొకసారి వచ్చాడు కాబట్టి ఆ వారం కోడి, రొయ్యలు, గుడ్లు. చేపలు, మాంసం, గుడ్లు, కూరగాయలు, నూనె, పళ్ళకి గుర్తు చేసుకునే గడువు ఏడు రోజులు. బియ్యం, పప్పు, పాలు, చక్కెరకి ముప్ఫై రోజులు. ఏడు రోజులదాన్ని ముప్ఫైకి పెంచుతారు. మామూలు వారంలో నీచు మీద 560 రూపాయలయ్యే ఇంట్లో ఆ వారం 1,400 అయిందనుకోండి. నెల లెక్కలో 2,400 కాస్తా 6,000 అవుతుంది. అంటే తిండి ఖర్చు 16,800 నుంచి 20,400కి ఎగబాకుతుంది. దాన్ని ఏడుతో భాగిస్తే తలకి 2,914. తిన్నవాడిని కూడా కలిపి ఎనిమిదితో భాగిస్తే 2,550.

సర్వే రూపకర్తలకి ఇది తెలియక కాదు. అందుకే గత ముప్ఫై రోజుల్లో ఇంటివాళ్ళు కానివాళ్ళకి ఎన్ని భోజనాలు పెట్టారో అడగమన్నారు. ఇంట్లో శుభకార్యం ఏదైనా జరిగిందా అన్న ప్రశ్న కూడా అందుకే. ఆ భోజనాల ప్రశ్నని మా కుర్రాడు కాస్త ఇబ్బందిగానే అడిగాడు. ఆవిడ మొహం మాడింది.

"కన్నకొడుకు తిన్న మెతుకులు లెక్కెట్టమంటావేటి?"

పెళ్ళికో పండక్కో వచ్చిన చుట్టాల గురించి ఎవరైనా చెబుతారు. పెద్ద కొడుకు విషయంలో ఆ ప్రశ్నే తప్పుగా వినిపిస్తుంది. అందుకని చాలా ఇళ్ళలో అక్కడ సున్నా పడుతుంది. సున్నా పడ్డాక, డేటా చూసేవాడికి ఆ ఇల్లు హఠాత్తుగా బాగా తింటున్న ఇల్లుగా కనిపిస్తుంది, అంతే. మేం చేసింది చిన్న పని. "ఆయన ఏ తారీకున దిగాడమ్మా, దిగినకాడ నించి ఇంట్లోనే తింటన్నాడా, అత్తారింటికెల్లాడా?" అని అడిగితే ఆవిడే హుషారుగా రోజులు చెప్పింది. భోజనాలు మేం లెక్కగట్టుకున్నాం. ప్రశ్నని అచ్చు పడ్డ మాటల్లోనే చదవాలని ట్రైనింగులో గట్టిగా చెబుతారు, ఎక్కువ ప్రశ్నలకి అది సబబే. ఈ ఒక్కదానికి కాదని నా అభిప్రాయం.

జాతీయ సగటుకి దీనివల్ల ముప్పేమీ లేదు. ఏడాది పొడుగునా మూడేసి నెలల ప్యానెళ్ళుగా గ్రామాలు విడివిడిగా వస్తాయి కాబట్టి ఒక ఊరి పండగ, ఇంకో ఊరి కరువు కలిసిపోతాయి. కానీ మా తీరంలో నమూనాకి వచ్చే ఊళ్ళే కొద్ది. అవి ఏ నెలలో పడ్డాయన్నదాన్నిబట్టే గంజాం జాలర్లు బాగున్నారో లేదో చెప్పేస్తే, అది వాళ్ళ బతుకు గురించి కాదు, వీరావల్ రైలు టైము గురించి చెప్పినట్టు.

ఎవరి చేప ఖరీదెక్కువ

ఇది ప్రధాన విషయానికి కాస్త పక్కది. కానీ జాలరి ఊళ్ళో పనిచేసేవాళ్ళు తప్పకుండా తెలుసుకోవాల్సింది.

కొన్న సరుకు కొన్న ధరకి రాస్తాం. సొంతంగా పండించుకున్నదో తెచ్చుకున్నదో అయితే ఉత్పత్తి అయిన చోటి ధర కట్టాలి. ఊరికే దొరికింది, ఎవరో ఇచ్చింది, పనికి బదులుగా వచ్చింది అయితే స్థానిక చిల్లర ధర. వరికీ కూరగాయలకీ ఇది ఇబ్బంది పెట్టదు. ఇక్కడ చూడండి. తెప్ప యజమాని తన వాటా నుంచి కిలో కవళ్ళు ఇంటికి పంపాడు. సొంత ఉత్పత్తి, ఒడ్డున వేలం పాటలో పలికిన ధర, 60 రూపాయలనుకోండి. మన మేనల్లుడు కలాసీ. కూలిలో భాగంగా అదే వల నుంచి కిలో కవళ్ళు తెచ్చాడు. పనికి బదులు వచ్చిన సరుకు, చిల్లర ధర, 100. కూలివాడి ఇల్లు యజమాని ఇంటికంటే ఖరీదైన చేప తిన్నట్టు లెక్క పడుతుంది. నిబంధనలో తప్పు లేదు. యజమాని చేపని సొంత ఉత్పత్తిగా, కలాసీ చేపని జీతంగా చూడటం తర్కానికి సరిపోతుంది. కానీ మూలం ఏదో అడగకుండా అందరికీ ఒకే ధర వేసేసే ఇన్వెస్టిగేటరూ, మూలం సరిగ్గా రాసే ఇన్వెస్టిగేటరూ పక్కపక్క ఊళ్ళలో పనిచేస్తే రెండు ఊళ్ళ మధ్య లేని తేడా పుట్టుకొస్తుంది. ఇళ్ళకి వెళ్ళేముందే పొద్దున్న ఒడ్డుకెళ్ళి పాట చూసి, సాయంత్రం దగ్గరి సంతలో చిల్లర ధర కనుక్కుని రెండూ నోట్‌బుక్కులో రాసుకోమని మా వాళ్ళకి చెప్పాను. ఎండుచేప విషయంలో ఇంకొక్క మాట: తిండికి లెక్క తిన్నప్పుడే, కొన్నప్పుడో ఎండబెట్టినప్పుడో కాదు.

ఇంజను నూనె కూడా ఇంట్లోకి జొరబడుతుంది. బోటుకి పోసిన డీజిలు వృత్తి ఖర్చు, మోటారు సైకిలుకి పోసిన పెట్రోలు ఇంటి ఖర్చు. బంకు దగ్గర రెండూ ఒకే డబ్బుతో, ఒకే మనిషి కొంటాడు. "నెలకి పెట్రోలుకి ఎంతవుతుంది" అంటే కలిపే చెబుతారు. బోటూ, వలలూ, ఇంజనూ మన్నికైన వస్తువుల పేజీలోకి రాకూడదు, అవి ఉత్పత్తి సాధనాలు. మే విజిట్‌లో మా కుర్రాడు ఫ్రిజ్జూ ఫ్యానూ రాసి తలెత్తేసరికి తండ్రి నిష్ఠూరంగా "మా ఆస్తంతా ఒడ్డునుంటే నువ్వు సీలింగు పంకా రాసుకున్నావా" అన్నాడు. సమంజసమైన ఫిర్యాదే, కానీ ఆ సమాధానం ఈ సర్వే దగ్గర లేదు.

మందూ, పొగాకూ, ఒడ్డు మీద టీ టిఫిన్ల ఖర్చు ఆడవాళ్ళు తక్కువ చెబుతారన్నది లోకమంతా తెలిసిందే.

ఇంటికి మార్కులు

బతుకు తీరుని ఖర్చుతోనే కాదు, ఇంటి గోడలతోనూ కొలుస్తారు. ఎన్‌ఎస్‌ఎస్ 76వ రౌండు, 2018 జూలై నుంచి డిసెంబరు, నీళ్ళు, మరుగుదొడ్డి, ఇంటి పరిస్థితుల మీద నడిచింది. గోడా కప్పూ రెండూ పక్కా సామగ్రివైతే పక్కా ఇల్లు. పక్కా జాబితాలో సిమెంటు, కాల్చిన ఇటుకలతో పాటు పెంకు, రేకు, ఆస్‌బెస్టాస్ కూడా ఉన్నాయి. మే మధ్యాహ్నం ఆస్‌బెస్టాస్ కింద కూర్చున్న మనిషికి ఇది పక్కా ఇల్లని చెబితే నవ్వుతాడు. మన కేసులోని కాలనీ ఇంటికి ఆ బాధ లేదు, స్లాబే. పెద్దాయన పడుకునే పాక సంగతి ఏ గడిలోనూ రాదు.

మరుగుదొడ్డి ప్రశ్నలో ఉన్న పాఠం వేరు. ఆ రౌండులో గ్రామీణ ఇళ్ళలో 71.3 శాతానికి మరుగుదొడ్డి అందుబాటులో ఉందని వచ్చింది. ప్రభుత్వ పథకాల లబ్ధి పొందారా అన్న ప్రశ్న ముందు అడిగి, మరుగుదొడ్డి ఉందా అని తర్వాత అడగడం వల్ల జవాబులు తగ్గి ఉండొచ్చని విడుదల ప్రకటనలోనే రాశారు. లేదంటే ఇంకొకటి వస్తుందేమోనన్న ఆశ. ప్రశ్నల వరస ఒక జవాబుని అంత మార్చగలిగితే, చేతిలో రేషన్ కార్డుతో మొదలైన సంభాషణ ఎటు పోతుందో ఊహించుకోవచ్చు.

లిస్టింగులోనే మొదలయ్యే లోటు

ఇళ్ళు ఎంచుకోవడానికి ముందు ఊరంతా లిస్టింగు (ప్రతి ఇంటి జాబితా) చేస్తాం. గ్రామాల్లో ఇళ్ళను చేతిలో ఉన్న భూమిని బట్టి వర్గాలుగా చేస్తారు, పట్టణాల్లో సొంత కారుని బట్టి. పొలాల ఊళ్ళో భూమి కలిగినవాణ్ణీ లేనివాణ్ణీ విడదీస్తుంది. జాలరిపేటలో ఎవరికీ భూమి లేదు. నాలుగు ఫైబర్ బోట్లున్న షావుకారూ, మన మేనల్లుడి లాంటి కలాసీ ఒకే వర్గంలో పడతారు. పై వర్గం ఖాళీ అయితే ఆ లోటుని మిగతావాటి నుంచి పూడుస్తారు. 18 ఇళ్ళలో బోటు యజమానులు ఇద్దరు పడతారా, ఎవరూ పడరా అన్నది అదృష్టం మీద ఉంటుంది. వర్గాలు విడదీసిందే ఆ అదృష్టాన్ని తగ్గించడానికి.

తాళాలు ఇంకో సమస్య. భార్యాపిల్లలతో సహా వలస వెళ్ళిన ఇళ్ళు ఆగస్టు తర్వాత తాళం వేసి ఉంటాయి. ఎంపికైన ఇల్లు దొరక్కపోతే బదులు ఇల్లు తీసుకోవచ్చు, కారణం కోడు వెయ్యాలి. బదులొచ్చేది ఎప్పుడూ ఇంట్లో మనుషులున్న ఇల్లే. బరంపురంలో అపార్టుమెంట్ల బ్లాకుకి వెళ్తే ఇదే కథ తలకిందులుగా నడుస్తుంది. అక్కడ మనుషులు ఉంటారు, గేటు తెరుచుకోదు.

పద్ధతిలో ఏం మార్చుకున్నాం

ఆరు నెలలు అన్న మాట వాడటం మానేశాం. "ఈయన ఆరు నెలల్లోపు వస్తాడా" అంటే ఎవరైనా వస్తాడనే అంటారు, తల్లి అయితే రేపే వస్తాడంటుంది. దానికి బదులు వేట కేలండరు పట్టుకుని అడిగాం: కిందటేడు సంక్రాంతికి ఎక్కడున్నాడు, నిషేధం పెట్టినప్పుడు ఇంటి కాడున్నాడా, ఇప్పుడెళ్తే మళ్ళీ ఎప్పుడు దిగుతాడు. నిబంధన అడిగేది ముందున్న కాలం గురించి, ఎంతకాలం దూరంగా ఉంటాడనుకుంటున్నారని. కానీ జాలరి ఇంట్లో ముందేం జరుగుతుందో కిందటేడు ఏం జరిగిందో అదే చెబుతుంది. ప్రతి సందేహపు మనిషికీ రిమార్కుల్లో ఒక వాక్యం రాయించాం: ఎక్కడ, ఎప్పటి నుంచి, ఎందుకు ఉంచాం లేదా తీశాం. పై ఆఫీసు నుంచి స్క్రూటినీలో "హాజరైన కొడుకుని ఎందుకు తీసేశారు, లేని కొడుకుని ఎందుకు ఉంచారు" అని ప్రశ్న వచ్చినప్పుడు ఆ వాక్యమే జవాబయింది.

కుటుంబాన్ని అన్ని సర్వేలూ ఇలాగే కొలుస్తాయనుకోకూడదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఇంట్లో మామూలుగా ఉండేవాళ్ళనీ, నిన్న రాత్రి ఇక్కడ పడుకున్నవాళ్ళనీ ఇద్దర్నీ రాస్తుంది. అదే జూన్‌లో ఆ సర్వే ఈ ఇంటికి వచ్చి ఉంటే పెద్ద కొడుకు నిన్న రాత్రి పడుకున్నవాడిగా లోపలికి వచ్చేవాడు, పెద్దాయన ఉండేవాడే కానీ రాత్రి లేడని పడేది. నీతి ఆయోగ్ బహుముఖ పేదరిక సూచీ ఆ ఆరోగ్య సర్వే మీదే నడుస్తుంది. గంజాంలో ఖర్చు ఇలా ఉంది, పేదరికం అలా ఉంది అని రెండూ పక్కపక్కన పెట్టి వ్యాసం రాసేవాళ్ళు, ఆ రెండు అంకెల వెనక ఉన్న ఇళ్ళు ఒకటి కావని గుర్తుంచుకుంటే చాలు. సరిహద్దుకి అటూ ఇటూ పోలిక కూడా అంతే. 2022-23లో ఆంధ్ర గ్రామాల తలసరి నెల ఖర్చు 4,870, ఒడిశా గ్రామాలది మూడు వేల లోపు. ఆ తేడా రాష్ట్రాలది. ఇచ్ఛాపురం పేటకీ దాని పక్కనే ఉన్న ఒడిశా పేటకీ మధ్య అంత అగాధం ఉందని దీని అర్థం కాదు. ఆ ఇళ్ళ మధ్య కోడళ్ళూ చేపల బుట్టలూ రోజూ తిరుగుతూనే ఉంటాయి.

జూలై విజిట్ నాటికి మన ఇల్లు మళ్ళీ మారింది. మేనల్లుడు వేరే తెప్పకి మారి, ఆ యజమాని ఇంట్లోనే మకాం పెట్టాడు. సైజు ఆరు. పెద్ద కొడుకు ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు, ఇంకా చుట్టమే. మన్నికైన వస్తువులకి ఏడు, తిండికి ఏడు, నిత్య ఖర్చులకి ఆరు. ట్యాబ్ ప్రతి ప్రశ్నావళికీ సైజు విడిగా అడుగుతుంది, తలసరి కూడా ఏ భాగానికి ఆ సైజుతో భాగించి తర్వాతే కలపాలి. యూనిట్ స్థాయి డేటా, అంటే ఇంటింటి వివరాలు, ఇప్పుడు ఎవరైనా దించుకోవచ్చు. దించుకున్నవాళ్ళు మూడు భాగాల ఖర్చునీ ముందే కలిపేసి మొదటి సైజుతో భాగించడం, లేదా మూడు సైజులు సరిపోలని ఇళ్ళను ఎంట్రీ తప్పులనుకుని ఏరేయడం చూశాను. గంజాం, శ్రీకాకుళం తీరాల డేటాతో పనిచేసేటప్పుడు ఆ రెండూ చెయ్యకండి. సైజు మారిన ఇళ్ళను విడిగా తీసి, విజిట్ ఏ నెలలో పడిందో, బయటివాళ్ళకి పెట్టిన భోజనాల గడిలో ఏముందో చూడండి. నెల జూన్ లేదా జూలై అయ్యుండి ఆ గడిలో సున్నా ఉంటే, ఏడు రోజుల గడువున్న ఆహార పదార్థాల ఖర్చుని పక్కన పెట్టి, ముప్ఫై రోజులవాటితో ముందు పోల్చుకోండి.